మింగని రొట్టె

ఏదో మాడుతున్న వాసన వచ్చింది. బట్టీ దగ్గర బతికేవాళ్ళకి ఆ వాసన తగిలితే చెయ్యి ముందు కదులుతుంది, బుర్ర తర్వాత. పొడుగు పార లోపలికి తోసి వెనక వరస రొట్టెలు ముందుకు లాగాను. ఒకదాన్ని తిప్పి అడుగు చూశాను. బాగానే ఉంది. రెండోది, మూడోది కూడా బాగానే ఉన్నాయి. పక్కన ఆరుతున్న ట్రేలు చూశాను. వాసన మాత్రం పోలేదు, ఇంకా దగ్గరికి వచ్చినట్టుంది.

"అమ్మాయ్, నీ కాలు!" అని అరిచాడు పిండి కలిపే పెద్దాయన.

బట్టీ నోట్లోంచి జారిన నిప్పు ఒకటి నా ఎడమ పాదం మీద, చెప్పు పట్టీ పక్కన, తీరిగ్గా కూర్చుని ఉంది. మాడుతున్నది నేనే. నేను రొట్టెల్లో వెతుకుతున్నాను.

ఆ ఎండాకాలం అలా మొదలైంది.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని, గుచ్చినట్టు అనిపిస్తే చెప్పమని, నా పాదాల దగ్గర ఏదో చేసింది. నేను ఎదురు చూస్తూ పడుకున్నాను.

"ఎప్పుడు గుచ్చుతారు?" అని అడిగాను చివరికి.

"గుచ్చేశాను. పదిసార్లు" అంది.

కళ్ళు తెరిచేసరికి ఆమె చేతిలో చేపల గాలానికి కట్టే దారం లాంటి సన్నటి తీగ ఉంది. గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. అది చూశాకే నాకు భయం వేసింది. పాదం చచ్చిందన్న సంగతి పాదం నాకు చెప్పలేదు, అన్నయ్య మెడ చెప్పింది.

రక్తం కాగితం చదివింది డాక్టరమ్మ. పరగడుపు షుగరు రెండు వందల పదకొండు. మూడు నెలల సగటు తొమ్మిది పాయింట్ ఆరు. ట్రైగ్లిజరైడ్లు మూడు వందల ఇరవై. చెడ్డ కొలెస్ట్రాల్ ఒక్కటే పరవాలేదు, నూట పద్నాలుగు.

"మాత్రలు సరిపోవడం లేదు. ఇన్సులిన్ మొదలుపెడదాం."

"తిండి మారిస్తే?"

"ఏం మారుస్తారు?"

"పిండి పదార్థం మానేస్తాను. రొట్టె, బంగాళాదుంప, చక్కెర. అన్నీ."

అన్నయ్య నవ్వాడు. "బేకరీలో పుట్టిన మనిషండీ ఇది. పాలపళ్ళతో మొదట కొరికింది రొట్టె అంచే."

డాక్టరమ్మ నవ్వలేదు. "చేసేవాళ్ళున్నారు. కొందరికి బాగా పనిచేస్తుంది. కొందరికి షుగరు దిగి కొలెస్ట్రాల్ ఎక్కుతుంది. మీరు ఏ రకమో రక్తం చెప్పాలి, మనం కాదు. మాత్రలు మాత్రం మానకూడదు. రోజూ పొద్దున్నే వేలు గుచ్చి చూసి రాసుకోవాలి. మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే నేను చెప్పింది వినాలి."

"వింటాను."

మెట్లు దిగాక అన్నయ్య ఆగాడు. "ఇంకో మాట. ఆ మూడు నెలల అంకె ఏడు లోపు రాకపోతే నువ్వు బట్టీ దిగాలి. వచ్చి కౌంటర్‌లో కూర్చో. నీ కాలు కాలుతుంటే నీకే తెలియకపోతే, నిప్పు ముందు నిన్నెలా నిలబెట్టమంటావు?"

అతను చెప్పింది నిజం. అందుకే భరించలేకపోయాను. అబద్ధమైతే వాదించి ఊరుకునేదాన్ని.

"సరే, ఏడు" అన్నాను. మాట ఇచ్చేశాను.

*

అమ్మ రోజూ బల్ల దగ్గర తన చేత్తోనే రొట్టె కోస్తుంది. డెబ్బై ఆరేళ్ళు వచ్చినా కత్తి వణకదు, ముక్కలన్నీ ఒకే మందం. ఆ పూట నా పళ్ళెంలో రెండు గుడ్లు, వెన్నలో వేయించిన క్యాబేజీ, ఒక చేప ముక్క ఉన్నాయి. అమ్మ వాటి పక్కన ఎప్పటిలాగే ఒక రొట్టె ముక్క పెట్టింది. నేను దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇదేంటే?"

"వద్దమ్మా."

"పొద్దున నువ్వు కాల్చిందే కదే."

"నేను కాల్చిందే. వద్దు."

"ఊళ్ళో వాళ్ళంతా తినాలి, నువ్వు మాత్రం తినకూడదు. ఏం కలిపావేంటి అందులో?"

వదినకి నీళ్ళు ముక్కులోకి ఎక్కాయి. అన్నయ్య ఆమె వీపు మీద తట్టాడు, నవ్వు దాచుకుంటూ.

"నన్ను చూడు" అంది అమ్మ. "పొద్దున రెండు, రాత్రి రెండు. ఇన్నేళ్ళ నుంచి. నాకేదీ షుగరు?"

"నీ ఒళ్ళు అన్నయ్యకొచ్చింది. నాకు నాన్న ఒళ్ళొచ్చింది."

"ఆయన మాత్రం మానాడా? పోయే రోజు దాకా తన రొట్టె తనే తిన్నాడు." ఆ మాట అనేటప్పుడు అమ్మ వెన్ను నిటారుగా అయింది.

"అవును. ఎనిమిది కాలివేళ్ళతో."

 నేను క్యాబేజీ తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, అయినా మొత్తం తిన్నాను. ఆ రోజు నేను తిన్నది ఆకలితో కాదు, పంతంతో. పంతంతో కూడా కడుపు నిండుతుందని అప్పుడే తెలిసింది.

మొదటి వారం తలనొప్పి. రెండో వారం అందరి మీదా విసుగు. పై అంతస్తులో నా గదికి ఒక కిటికీ ఉంది, దాని ముందు ఒక కుర్చీ ఉంది. బట్టీ పని ముగిశాక అక్కడ కూర్చుని ఆకలిని గమనించడం మొదలుపెట్టాను. చిత్రం ఏమిటంటే నా ఆకలి కడుపులో పుట్టేది కాదు. చేతుల్లో పుట్టేది. వేళ్ళు దేన్నో తుంచాలని చూసేవి. సాయంత్రం నాలుగింటికి వచ్చేది, నా ఎదురుగా కూర్చునేది, నేను కదలకుండా ఉంటే నాలుగూ ఇరవైకి లేచి వెళ్ళిపోయేది. ఇరవై నిమిషాలు. యాభై ఒక్క ఏళ్ళుగా నేను దడిసి మాట విన్నది ఈ ఇరవై నిమిషాలకా అనిపించింది. నవ్వొచ్చింది. గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను.

అయినా షుగరు చూసే మిషన్ నవ్వలేదు.

వదినకి అంకెలంటే ఇష్టం. నా వేలు గుచ్చేది ఆమే, పుస్తకంలో రాసేది ఆమే. మొదటి వారం రెండు వందల పదకొండు కాస్తా నూట తొంభైకి వచ్చింది. తర్వాత నూట ఎనభై ఆరు. నూట ఎనభై తొమ్మిది. నూట ఎనభై నాలుగు. అయిదో వారం చివర్లో వదిన పుస్తకం మూసి పెన్ను దాని మీద పెట్టింది.

"ఆడపడుచుగారూ, ఎక్కడ తింటున్నారు?"

"ఏంటి?"

"దొంగతిండి. ఎక్కడ తింటున్నావని అడుగుతున్నా."

"తినడం లేదు వదినా."

"అయితే ఈ మిషన్‌కి నీ మీద పగా?"

"ఒట్టు."

"ఒట్లు వేస్తే షుగరు దిగదమ్మా."

నేను లేచి పైకి వెళ్ళిపోయాను. నిజం చెప్పి దొంగనైనందుకు ఏడుపొచ్చింది. కానీ కుర్చీలో కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది, అది ఏడుపు కంటే చెడ్డది. నాకు తెలియకుండా కాలు కాలింది. నాకు తెలియకుండా నేను తింటూ కూడా ఉన్నానా?

మర్నాడు వదిన వంటింటి కాటా చంకలో పెట్టుకుని బట్టీ దగ్గరికి వచ్చింది. ఒక స్టూలు లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "నీ పని నువ్వు చూసుకో. నేనిక్కడ లేననుకో" అంది.

మొదటి వాయి బయటికి తీశాను. ట్రే మధ్యలోంచి ఒక రొట్టె అందుకుని విరిచాను. మా బేకరీలో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. నిన్నటి పిండిలోంచి ఒక ముద్ద దాచి ఇవాళ్టి పిండిని దాంతో పులియబెడతాం. ఆ పులుపు హద్దులో ఉందో దాటిందో రంగు చూస్తే తెలియదు, నాలుకకీ పూర్తిగా తెలియదు. అందుకే కాల్చేవాళ్ళు ప్రతి వాయిలోంచీ ఒక ముక్క తుంచి, తీపెక్కేదాకా నమిలి, మింగి, నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలాలి. అప్పుడు గొంతు వెనక తేలుతుంది. మింగనివాళ్ళకి రొట్టె గురించి మాట్లాడే హక్కు లేదనేవాడు నాన్న.

వదిన నా మణికట్టు పట్టుకుంది.

"ఏంటది?"

"ఏది?"

"నీ చేతిలోది."

"రుచి."

"తింటున్నావు."

"తినడం లేదు. చూస్తున్నాను."

అన్నాక ఆ మాట నా చెవికే వినిపించింది. వదిన నా వేళ్ళ మధ్య నుంచి ముక్క తీసుకుని కాటాలో పెట్టింది. ఇరవై రెండు గ్రాములు. రెండో వాయికి ఇంకో ముక్క. మూడోది. రోజుకి తొమ్మిది వాయిలు. తొమ్మిదోది అయ్యేసరికి కాటా గిన్నెలో రొట్టె గుట్టగా ఉంది. నూట తొంభై ఎనిమిది గ్రాములు. మా రొట్టె ఒకటి నాలుగు వందలు తూగుతుంది.

"రోజుకి సగం రొట్టె" అంది వదిన మెల్లగా. ఆమెకి గెలిచిన సంతోషం లేదు. నన్ను చూసి జాలిపడింది, అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

నేను అబద్ధం ఆడలేదు. నా బుర్రలో తినడమంటే కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని చేసేది. నిలబడి మింగేది పని. పనిని ఎవరైనా తిండిలో లెక్కేస్తారా? నోటికి తెలుసు, గొంతుకి తెలుసు, రక్తానికి తెలుసు. నాకొక్కదానికే ఎవరూ చెప్పలేదు.

"అయితే రుచి చూడ్డం మానెయ్" అంది వదిన.

"మానేస్తే వాయి ఎవరు చూస్తారు?"

"చూడు. నమిలి ఉమ్మెయ్."

పిండి కలిపే పెద్దాయన చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఆ గోడల మధ్య ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

*

మర్నాడు పొద్దున ఒక ఖాళీ డబ్బా నా పక్కన పెట్టుకున్నాను. మొదటి వాయి. విరిచాను, నమిలాను. తీపెక్కింది. గొంతు దానంతటదే తెరుచుకుంది, ఇన్నేళ్ళ అలవాటు. ఆపాను. ఒక ముక్కని మింగకుండా ఆపడానికి మనిషికి ఎంత బలం కావాలో నేను ఎవరికీ చెప్పలేను. వంగి డబ్బాలో ఉమ్మాను. తల ఎత్తేసరికి గుమ్మంలో అమ్మ ఉంది. మొదటి వాయిలోంచి ఇంటికి ఒక రొట్టె తీసుకెళ్ళడానికి రోజూ ఏడింటికి వస్తుంది.

"రొట్టెని ఉమ్ముతున్నావా?"

"అవునమ్మా."

"ఆయన నిలబడ్డ చోట?"

"ఇక్కడ నిలబడాలనే ఉమ్ముతున్నాను."

అమ్మ చేతిలోకి తీసుకున్న రొట్టెని తిరిగి ట్రేలో పెట్టింది. నెమ్మదిగా, పగిలిపోయేదేదో పెడుతున్నట్టు. వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని వదినతో చెప్పేది: "దానికి చెప్పు, నీళ్ళు కాగాయని." వదిన నా వైపు తిరిగి, "దానికి చెప్పమంటున్నారు" అనేది. నేను లొంగలేదు. రోజూ తొమ్మిదిసార్లు ఉమ్మాను. ప్రతిసారీ నాన్న నన్ను చూస్తున్నట్టే ఉండేది. చూడనీ అనుకునేదాన్ని. ఆయన ఎనిమిది వేళ్ళని నేను మూడేళ్ళు రోజూ కడిగి కట్టు కట్టాను. ఆయనకి నన్ను చూసే హక్కు ఉంది, నాకు ఉమ్మే హక్కు ఉంది.

మిషన్ మాట వినడం మొదలుపెట్టింది. నూట డెబ్బై. నూట యాభై ఒకటి. నూట ముప్పై ఎనిమిది. నూట ఇరవై చూసిన రోజు వదిన పుస్తకంలో ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

కానీ రొట్టె మాట వినలేదు. మింగకపోతే గొంతు వెనక పులుపు నాకు అందడం లేదు. ఎండలు ముదిరే కొద్దీ పిండి తొందరగా పులుస్తోంది. రెండు వాయిలు హద్దు దాటాయి. కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. అన్నయ్య నాలుగు రోజుల తర్వాత రొట్టెలు కాల్చే ఒక కొత్త మాస్టర్‌ని తీసుకొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ, జేబులో ఒక థర్మామీటరు.

"అక్కా, నేను మీ చోటు కోసం రాలేదు. పిలిచారు, వచ్చాను" అన్నాడు మొదటి రోజే.

మంచివాడు. అతన్ని అసహ్యించుకునే వీలు కూడా లేకపోయింది.

*

ఎండలు తగ్గుముఖం పట్టాక రక్తం ఇచ్చాను. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను.

"పరగడుపు నూట పన్నెండు. ట్రైగ్లిజరైడ్లు మూడు వందల ఇరవై నుంచి నూట ఇరవై ఎనిమిది. చాలా బాగుంది." కళ్ళజోడు సర్దుకుంది. "మూడు నెలల సగటు ఏడు పాయింట్ ఒకటి."

"ఏడు లోపు రాలేదు."

"తొమ్మిది పాయింట్ ఆరు నుంచి వచ్చిందమ్మా. పైగా ఇది సగటు. మీరు చెప్పారే, రోజుకి సగం రొట్టె మింగిన ఆ అయిదు వారాలు కూడా ఇందులో కొంత ఉన్నాయి. ఇన్సులిన్ ఇప్పుడు అక్కర్లేదు." కాగితం మీద వేలు కిందికి జరిపింది. "కానీ ఇది చూడండి. చెడ్డ కొలెస్ట్రాల్ నూట యాభై ఎనిమిది. వెన్న ఎంత తింటున్నారు?"

"చాలా. జున్ను కూడా."

"ఆ రెండూ తగ్గించండి. చేప, గింజలు, మంచి నూనె, ఆకుకూరలు. ఆరు వారాలకి మళ్ళీ చూద్దాం. దిగకపోతే దానికి మాత్ర ఇస్తాను, అప్పుడు నాతో వాదించకండి."

"కాలు?"

ఆమె కాగితం మడిచింది. "ఇంకా చెడకుండా ఆపుకోవచ్చు. పోయింది తిరిగి వస్తుందని మాత్రం నేను చెప్పను."

అబద్ధం చెప్పనందుకు ఆమెకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర కాగితం అన్నయ్య చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు.

"ఏడు పాయింట్ ఒకటి."

"అవును."

"ఏడు లోపు అనుకున్నాం."

"అనుకున్నాం."

"కొలెస్ట్రాల్ కూడా లేచింది. చూశావా, ఒక పక్క నొక్కితే ఇంకో పక్క పొంగింది."

"చూశాను. దాని సంగతీ చూస్తాను."

"నువ్వు మాట ఇచ్చావు." అతని గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

"ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను."

వదిన చెంచా గాల్లో ఆగింది. నాకు సిగ్గు వేస్తుందేమో అనుకున్నాను. వేయలేదు. భయంలో ఇచ్చిన మాట అది. ఆ భయం ఇప్పుడు నాలో లేదు. దాని తరఫున నేనెందుకు శిక్ష అనుభవించాలి?

లేచి, బల్ల చుట్టూ వెళ్ళి, అన్నయ్య పక్క కుర్చీ మీద ఎడమ పాదం పెట్టాను.

"ఏం చేస్తున్నావ్? తింటున్నాం ఇక్కడ!"

"చూడు. రోజూ పొద్దున బట్టీ వెలిగించే ముందు రెండు పాదాలూ నువ్వే చూస్తావు. వేళ్ళ సందులు కూడా. ఒక్క బొబ్బ, ఒక్క గీత కనిపించినా ఆ రోజు కౌంటర్‌లో కూర్చుంటాను, నోరెత్తను. తోలు బూట్లు వేసుకుంటాను. కానీ ఈ కాగితం చూపించి నన్ను దింపలేవు."

"నీ కాళ్ళు నేను చూడాలా?"

"నా కాలు నాకు తెలియదని అన్నది నువ్వే. మరి తెలిసినవాళ్ళు చూడాలి కదా."

అతను పాదం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు. "సరే. మరి రొట్టె? నువ్వు మింగవు. పులుపు ఎవరు పట్టుకుంటారు? వాసన చూసి కాలుస్తావా?"

 పాదం దించాను. అమ్మ తల ఎత్తకుండా రొట్టె కోస్తూనే ఉంది.

మర్నాడు అయిదింటికి అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని, టార్చి పట్టుకుని వచ్చాడు. నేల మీద కూర్చుని నా పాదాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. పెద్దయ్యాక మేమిద్దరం ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఊఁ" అని లేచి వెళ్ళిపోయాడు. బట్టీ వెలిగించాను. కొత్త మాస్టర్ నా ఎడమ పక్కన, ఏం చేయాలో తెలియక, ట్రేలు తుడుస్తూ నిలబడ్డాడు.

మొదటి వాయి తీశాను. విరిచాను, నమిలాను, ఉమ్మాను. గొంతు వెనక ఏమీ లేదు. ఇంకో ముక్క తుంచబోతుంటే పక్క నుంచి ఒక ముడతల చెయ్యి వచ్చింది.

"ఇటివ్వు."

అమ్మ. యాభై నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. విరిచిన రొట్టె చేతిలో పెట్టాను. గోరంత ముక్క తుంచుకుని, ఉన్న పళ్ళతో ఓపిగ్గా నమిలి, కళ్ళు మూసుకుని మింగింది. ముక్కుతో ఊపిరి వదిలింది. కొత్త మాస్టర్ తుడవడం ఆపి చూస్తున్నాడు.

"పులుపు సరిగ్గా ఉంది" అంది అమ్మ. "ఉప్పు తక్కువ."

"ఉప్పు సరిపోయింది."

"తక్కువంటున్నానా!"

"ఉప్పు నాలుక మీద తెలుస్తుందమ్మా, దానికి మింగక్కర్లేదు. నాలుక నాది. నువ్వు గొంతు సంగతి చెప్పు చాలు."

"మొండి ఘటం" అంది అమ్మ కొత్త మాస్టర్ వైపు తిరిగి, వదిన లేదు కాబట్టి. "దానికి చెప్పు నాయనా, ఉప్పు తక్కువని."

అతను నా వైపు చూశాడు. నేను రెండో ట్రే లోపలికి తోశాను.

స్టూలు లాక్కుని కూర్చుని తొమ్మిది వాయిలూ చూసి వెళ్ళింది అమ్మ. తొమ్మిదిసార్లూ ఉప్పు తక్కువే అంది. సరిపోయింది. ఇప్పటికీ అదే అంటాను.